కొడిగట్టిన దీపాలు: సేవావృత్తులూ, మన సాహిత్యమూ

అభ్యుదయ సాహిత్యం శ్రమకు పట్టం కట్టింది. నాగలి పట్టిన చెయ్యి, రాయి కొట్టిన చెయ్యి, మగ్గం ముందు కూచున్న మనిషి - వీరిని తీసివేస్తే గత తొంభై ఏళ్ల తెలుగు కవిత్వంలోనూ కథలోనూ ఎంతో వెలితి ఏర్పడుతుంది. ఆ శ్రమకు గుర్తు చెమట. చెమటను చూచి విలువ కట్టడం మన రచయితలు నేర్చుకున్నారు, పాఠకులకు నేర్పారు. అయితే చెమట పట్టకుండానే మనిషిని అరగదీసే శ్రమ మరొకటి వున్నది. చనిపోతున్నవాని మంచం పక్కన నిలబడి ధైర్యం చెప్పడం, ఏడుస్తున్న తల్లి చేతులలోనుంచి బిడ్డ శవాన్ని తీసుకోవడం, కోపంతో మీదికి వచ్చే బంధువుకు మర్యాదగా సమాధానం చెప్పడం, ఒక రక్తం కడుక్కుని వచ్చి అరగంటలో మరొక రక్తం చూడడానికి బయలుదేరడం - నర్సులు, వైద్యులు, ఆశా కార్యకర్తలు, 108 సిబ్బంది చేసే పని ఇది. ఇందులో పనిముట్టు మనసే. కర్రు అరిగితే రైతు దానిని కొలిమికి తీసుకుపోతాడు. మనసు అరిగితే ఎక్కడికి తీసుకుపోవాలి?

ఈ ప్రశ్నను మన సాహిత్యం, దానికి తోబుట్టువైన సినిమా ఎంతవరకు అడిగాయి, మన విమర్శ ఎంతవరకు పట్టించుకున్నది అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

మొదట మాటల సంగతి తేల్చుకోవాలి. ఇంగ్లీషువారు దీనిని బర్న్‌అవుట్ అంటున్నారు. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బెర్గర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు న్యూయార్కులోని ఉచిత వైద్యశాలలో పనిచేసే స్వచ్ఛంద సేవకులను చూచి, వారితోపాటు తన్ను తాను చూచుకొని, ఈ మాటను శాస్త్ర చర్చలోకి తెచ్చాడు. అతడు గమనించిన విషయం ఒకటి మనం గుర్తుంచుకోదగ్గది: అందరికంటె ఎక్కువ అంకితభావంతో వచ్చినవారే అందరికంటె ముందు అలిసిపోయారు. తరువాత క్రిస్టినా మాస్లాక్ ఈ స్థితికి మూడు లక్షణాలు చెప్పింది. మనసులోని సత్తువంతా తోడివేసినట్టు కావడం. ఎదుటి మనిషి మనిషిగాక మంచం నెంబరుగా కనిపించడం. తాను చేసే పనివల్ల ఎవరికీ ఏమీ ఒరగడం లేదనే భావం కుదురుకోవడం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో దీనికి స్థానమిస్తూ, ఇది రోగం కాదనీ, పనిచేసే చోట ఎడతెగకుండా వుండే ఒత్తిడిని సరిదిద్దకపోవడం వల్ల పుట్టే స్థితి అనీ స్పష్టంగా చెప్పింది. అంటే కారణం మనిషిలో వెతకవద్దు, పనిలో వెతకమని అర్థం. సామాజిక దృక్పథం కలవారికి ఇంతకన్న అనువైన నిర్వచనం మరొకటి దొరకదు.

దీనికి తెలుగులో మాట లేదనడం సరికాదు. చమురు తగ్గిన దీపం ఒక్కసారిగా ఆరిపోదు. వత్తి చివర కొడి కడుతుంది, వెలుగు మసకబారుతుంది, పొగ ఎక్కువవుతుంది. కొడిగట్టడం అనే మాటలో ఈ క్రమమంతా వున్నది. తప్పు వత్తిది కాదనీ, చమురు పొయ్యనివారిదనీ కూడా ఆ మాటలోనే వున్నది. ఇక తెలంగాణ పల్లెలలో జబ్బుకూ, దిగులుకూ కలిపి “పానం మంచిగ లేదు” అంటారు. ఒంటి నొప్పినీ మనసు నొప్పినీ విడదీసి రెండు గదులలో పెట్టడం పుస్తకాలు చేసిన పని. ప్రజల భాష ఆ తప్పు చెయ్యలేదు.

కొడిగట్టడం ఒకటి, గాయపడడం మరొకటి. మొదటిది ఏళ్ల తరబడి జరిగే అరుగుదల. రెండవది ఒక్క గంటలో, ఒక్క చూపులో తగిలే దెబ్బ. ఆ దృశ్యం నిద్రలో తిరిగి వస్తుంది. ఆ దారిన పోవాలంటే కాళ్ళు వెనక్కు లాగుతాయి. చిన్న శబ్దానికి ఒళ్ళు ఉలిక్కిపడుతుంది. ఈ స్థితి అమెరికా మనోవైద్యుల పట్టికలోకి 1980లో ఎక్కింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులు పోరాడి, ఒత్తిడి తెచ్చి, ఎక్కించుకున్నారు. వృత్తిరీత్యా శవాల అవశేషాలు సేకరించేవారికీ, అటువంటి భయంకర వివరాలతో పదే పదే తలపడే పోలీసులకూ ఇదే గాయం తగులుతుందని అదే పట్టిక 2013లో విస్పష్టంగా ఒప్పుకున్నది. ఈ రెండు తేదీల మధ్య ముప్పైమూడేళ్లు గడిచాయి. నొప్పి ముందు పుడుతుంది, దాని పేరు చాలా ఆలస్యంగా పుడుతుంది.

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. తెలుగులో “చివరకు మిగిలేది” అన్న పేరుతో రెండు రచనలున్నాయి. ఒకటి బుచ్చిబాబు నవల. అందరూ ఎరిగినదే. దాని నాయకుడు దయానిధి వైద్యుడు. అయితే అతని వేదనకు మూలం వైద్యవృత్తి కాదు. తల్లిని గురించి లోకం అనుకునే మాటలు, ప్రేమించలేకపోవడం, ద్వేషం, ఒంటరితనం - ఇవి అతన్ని వేధించిన సమస్యలు. అతడు వైద్యుడు కాక ప్లీడరయినా నవలలోని ప్రధాన ప్రశ్న పెద్దగా మారదు. ఇది ఆ నవలలో లోపమని అనడం లేదు. దాని వస్తువు వేరు. కాని చదువుకున్న మధ్యతరగతి మనిషి మనసును అంత లోతుగా తవ్విన కాలంలో కూడా వృత్తి ఆ మనసును ఏం చేస్తుందన్న ప్రశ్న పక్కనే వుండిపోయిందని మాత్రం గమనించాలి.

రెండవది అదే పేరుతో 1960లో వచ్చిన చలనచిత్రం. దానికి బుచ్చిబాబు నవలతో సంబంధం లేదు. దర్శకుడు గుత్తా రామినీడు, నాయిక సావిత్రి. ఆశుతోష్ ముఖోపాధ్యాయ బెంగాలీ కథ ఆధారంగా అసిత్ సేన్ 1959లో సుచిత్రా సేన్‌తో తీసిన “దీప్ జ్వేలే జాయ్” దీనికి మాతృక. అదే కథ 1969లో వహీదా రెహమాన్‌తో “ఖామోషీ”గా హిందీలోకి పోయింది. పదేళ్లలో మూడు భాషల ప్రేక్షకులు చూచిన ఈ కథ మానసిక వైద్యశాలలోని ఒక నర్సుది. ప్రేమలో దెబ్బతిని మతి చెదిరిన యువకుని దగ్గర ప్రేమను అభినయించి అతన్ని బాగుచేయమని పై వైద్యుడు ఆమెను నియోగిస్తాడు. ప్రయోగం ఫలిస్తుంది. రోగి నయమై వెళ్ళిపోతాడు. అభినయించిన నర్సు మనసు మాత్రం అతనితో పోతుంది. తరువాత మరొక రోగి వస్తాడు. ఆమె మొదట ఒప్పుకోదు, చివరకు ఒప్పుకుంటుంది. అతడూ బాగుపడతాడు. ఈసారి మతి తప్పేది నర్సుకు. తాను సేవ చేసిన ఆసుపత్రిలోనే ఆమె రోగిగా చేరుతుంది.

ఈ చిత్రాన్ని ఇంతవరకు సావిత్రి నటన కోసం చూచారు, పాటల కోసం విన్నారు, విషాద ప్రేమకథగా కన్నీరు పెట్టారు. దీనిని శ్రమకథగా చదవవలసిన అవసరం వున్నదని నా వాదం. ఆ ఆసుపత్రిలో మందు ఏది? నర్సు హృదయం. ఆ మందు ఎంత మోతాదులో ఇవ్వవచ్చు, ఒక మోతాదుకూ మరొక మోతాదుకూ మధ్య ఎంత వ్యవధి వుండాలి, సీసాలో ఇంకా ఎంత మిగిలివున్నదని అడిగినవారు లేరు. మామూలు మందు అయిపోతే ఇండెంటు పెడతారు. ఇది అయిపోయిందని తెలిసేసరికి మనిషే అయిపోయింది. ప్రయోగం ఫలించిన కీర్తి శాస్త్రానిది. దాని ఖర్చు నర్సుది. లాభం ఒకచోట, నష్టం మరొకచోట చేరే ఈ లెక్క మనకు కొత్తది కాదు. గిరిణీలోనూ, గనిలోనూ ఈ లెక్కను చూడడం మన విమర్శకు అలవాటే. వార్డులో చూడడం అలవాటు కాలేదు.

అమెరికా సామాజిక శాస్త్రజ్ఞురాలు ఆర్లీ హాక్షీల్డ్ 1983లో ఈ రకం పనికి ఉద్వేగ శ్రమ అని పేరు పెట్టింది. విమాన పరిచారికలకు ఏడవదలచినప్పుడు నవ్వడం, కసురుకున్న ప్రయాణికుని ఇంటికి వచ్చిన అతిథిగా ఊహించుకోవడం ఏ విధంగా నేర్పుతారో ఆమె పరిశీలించింది. తన గ్రంథాన్ని ఆమె ఎక్కడనుంచి మొదలుపెట్టిందో మన పాఠకులకు ఆసక్తి కలిగిస్తుంది: మార్క్స్ “పెట్టుబడి”లో పేర్కొన్న, గోడకాగితాల ఫ్యాక్టరీలో పనిచేసిన ఏడేళ్ల కుర్రవాని తల్లి వాంగ్మూలం నుంచి. ఆ పిల్లవాని శరీరం యంత్రానికి పనిముట్టయింది, వీరి భావాలు కంపెనీకి పనిముట్టయ్యాయి అని ఆమె పోలిక. పైపైన నటించేవారి కంటె, ఆ భావాన్ని నిజంగానే తమలో పుట్టించుకొని పనిచేసేవారికి తమ నవ్వు ఏది, కంపెనీ నవ్వు ఏది అన్న తేడా చెరిగిపోయే ప్రమాదం వున్నదని ఆమె చెప్పింది. 1960 నాటి మన తెలుగు చిత్రంలోని నర్సుకు జరిగింది అదే. శాస్త్రం పేరు పెట్టడానికి ఇరవైమూడేళ్ల ముందే కళ ఆ గాయాన్ని చూచింది. ఇది ఆ చిత్రం ఘనత.

దాని పరిమితి కూడా చెప్పుకోవాలి. నర్సు ఎందుకు విరిగిపోయింది? ఆమె నిజంగా ప్రేమించింది కనుక అని చిత్రం సమాధానం. దీనితో వృత్తి సమస్య ప్రేమ సమస్యగా మారిపోతుంది. ఆమె ఎవరినీ ప్రేమించకుండా, రాత్రి డ్యూటీలో నలభై మంచాలు చూస్తూ, నెలకు నాలుగు మరణాలు మోస్తూ అలిసిపోయి వుంటే ఆ అలసట కథకు తగిన వస్తువని అప్పటి సినిమాకు తోచి వుండేదా? నిజజీవితంలో కొడిగట్టే దీపాలలో తొంభై పాళ్ళు ఈ రెండవ రకమే. వారికి నాయకుడు లేడు, పాట లేదు, పతాక సన్నివేశం లేదు.

ఇంతవరకు ఇతరులను గురించి. వామపక్ష సంస్కృతి పెంచుకున్న ఆదర్శం ఒకటి వున్నది, దానిని కూడా పరీక్షకు పెట్టాలి. 1938లో చైనాకు వెళ్ళిన భారత వైద్య బృందంలో ద్వారకానాథ్ కోట్నిస్ ఒకడు. జపాను దురాక్రమణను ఎదిరిస్తున్న ఎనిమిదవ మార్గపు సైన్యంలో పగలూ రాత్రీ శస్త్రచికిత్సలు చేసి, 1942 డిసెంబరు 9న, ముప్పైరెండేళ్లకే అక్కడే మరణించాడు. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ ఆయన జీవితాన్ని గ్రంథంగా రాశాడు. శాంతారాం 1946లో చిత్రంగా తీశాడు. ఆ త్యాగం ముందు తల వంచవలసిందే. అది యుద్ధం, ఆయన దానిని కోరి వరించాడు. కాని యుద్ధకాలపు మినహాయింపును శాంతికాలపు నియమంగా మార్చితే ఏమవుతుంది? కాంట్రాక్టు జీతం మీద పనిచేసే నర్సుకు కోట్నిస్‌ను చూపించి “సేవ చేసేవారు గంటలు లెక్కపెట్టరు” అని చెప్పితే ఆ మాటవల్ల లాభపడేది ఎవరు? రోగి కాదు, అలిసిన చేతిలో సూది గురి తప్పుతుంది. లాభపడేది మరో నర్సును నియమించవలసిన ఖర్చు తప్పించుకున్నవాడు. స్త్రీ విషయంలో దీనికి మరొక మెరుగు పెడతారు. ఆమె తల్లి, భూదేవి, తెల్లచీర కట్టిన దేవత. దేవతకు జీతమూ సెలవూ ఎందుకు? పొగడ్త జీతానికి బదులుగా చెల్లే నాణెమైనంతకాలం, పొగడ్తను అనుమానించడం విమర్శకుని విధి.

ఈ మాటలు గాలిలో మాటలు కాకుండా వుండాలంటే ఒక చోటు చూడాలి. వికారాబాద్ జిల్లాలో తాండూరును ఆనుకొని యాలాల్ మండలం వున్నది. కందిచేలు, నాపరాతి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు కల ప్రాంతం అది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. యాలాల్ ఊళ్ళలో తిరిగే ఆశాకు కార్మికురాలిగా గుర్తింపు ఇంకా రాలేదు.

ఆశా వ్యవస్థ 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చింది. సుమారు వెయ్యి మంది జనాభాకు ఒక ఆశా. ఆమెను ప్రభుత్వం గౌరవ స్వచ్ఛంద సేవకురాలన్నది. జీతానికి బదులు పనినిబట్టి పారితోషికం పెట్టింది. గర్భిణిని నమోదు చేయడం, కాన్పుకు ఆసుపత్రికి తోడు పోవడం, పుట్టిన బిడ్డను ఇంటికి పోయి చూడడం ఆమె పనులు. ఆసుపత్రి కాన్పు అయితే మూడవ రోజు, ఏడవ రోజు, పధ్నాలుగవ రోజు, ఇరవై ఒకటవ రోజు, ఇరవై ఎనిమిదవ రోజు, నలభై రెండవ రోజు - ఆరుసార్లు ఆ గడప తొక్కాలి. ఈ పట్టికను పాలనా వివరంగా చదివి వదిలివేయకూడదు. ఆరు రాకపోకలలో ఆమె ఆ ఇంటి మనిషి అవుతుంది. ఏడవ రోజుకూ పధ్నాలుగవ రోజుకూ మధ్య ఆ బిడ్డ దక్కకపోతే, ఆ సమాచారాన్ని కాగితం మీద రాసి పైకి పంపవలసింది ఆమే. ఆ తల్లి రేపు నీళ్ళ కాడ ఎదురుపడేదీ ఆమెకే. పట్నం నర్సుకు డ్యూటీ దిగిన తరువాత మరో వీధి వున్నది. ఆశాకు అదే వీధి. “నువ్వు ముందే చెప్పి వుంటే” అన్న ఒక్క మాట ఆమె వెంట ఏళ్ల తరబడి నడుస్తుంది.

2020, 2021 సంవత్సరాలలో కొవిడ్ వచ్చినప్పుడు ఇంటింటికీ తిరిగి జ్వరం లెక్కలు రాసినవారు వీరే. హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో 2020 జూన్‌లో, రోగి మరణించిన కోపంలో బంధువులు జూనియర్ వైద్యునిపై దాడి చేయగా ఆ వైద్యులు రోడ్డెక్కవలసి వచ్చింది. బంధువుల దుఃఖమూ నిజమే, వైద్యుని భయమూ నిజమే. మంచాలూ, మనుషులూ చాలని వ్యవస్థ ఆ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి తాను పక్కకు తప్పుకున్నది. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశాలకు ప్రపంచ ఆరోగ్య నాయకుల పురస్కారం ప్రకటించింది. ఆ మరుసటి ఏడు, 2023 సెప్టెంబరులో, తెలంగాణ ఆశాలు స్థిర వేతనం కోసం సమ్మెకు దిగారు. అదే నెలలో అంగన్‌వాడీలూ దిగారు. ఈ పథకాలలో పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించాలని 45వ భారత కార్మిక మహాసభ 2013లోనే సిఫారసు చేసింది. పురస్కారానికి పట్టిన కాలం కన్న సిఫారసు అమలుకు పట్టే కాలం ఎక్కువ కావడంలో ఆశ్చర్యం లేదు. పురస్కారానికి ఖర్చు తక్కువ.

ఇక ఒక్క గంటలో తగిలే గాయం సంగతి. 2025 నవంబరు 3, సోమవారం తెల్లవారినాక తాండూరు నుంచి హైదరాబాదు పోతున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఢీకొన్నది. టిప్పరులోని కంకరంతా బస్సులోకి పడి ప్రయాణికులను కప్పివేసింది. 19 మంది చనిపోయారు. తాండూరు, యాలాల్ ప్రాంతాల ఇళ్ళలో ఏడ్పు పుట్టింది. ఆదివారం ఇంటి దగ్గర గడిపి కాలేజీలకు తిరిగి పోతున్న విద్యార్థినులు మృతులలో వున్నారు. ఆ రోడ్డు విస్తరణ ఏళ్ల తరబడి నిలిచిపోయిన సంగతి పత్రికలు రాశాయి, నాయకులు మాట్లాడారు, పరిహారం ప్రకటించారు. ఇవన్నీ జరగవలసినవే.

కాని ఆ కంకరను తొలగించిన చేతులను గురించి మనం ఎంత ఆలోచించాం? ముందుగా చేరిన ఊరివారు, పోలీసులు, యంత్రం నడిపిన డ్రైవరు, 108లో వచ్చినవారు, శవపరీక్షలు చేసిన చేవెళ్ల ప్రభుత్వాసుపత్రి సిబ్బంది - వీరంతా మరునాడు మళ్ళీ పనిలోకి పోవలసినవారే. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో ప్రారంభమైన 108 సేవలో బండి నడిపేవానిని పైలట్ అంటారు. పేరులో ఆకాశం వున్నది. పని మాత్రం ఈ రోడ్డు మీదే. అదే మలుపు, అదే మర్రిచెట్లు, అదే టిప్పర్ల వరుస. గాయపడినవాడు గాయం తగిలిన చోటుకు రోజూ తిరిగి పోవలసి రావడం సైనికునికి కూడా తప్పుతుంది. ఈ పైలట్‌కు తప్పదు.

తాండూరు ప్రాంతానికి దుమ్ము సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. రాయి కోసే చోట లేచే దుమ్ము ఊపిరితిత్తులలో చేరి మనిషిని తినివేస్తుంది. ఆ జబ్బు సిలికోసిస్. పూర్వం దానిని కూలివాని ఖర్మ అన్నారు, బలహీనుని దగ్గు అన్నారు. 1948 ఫ్యాక్టరీల చట్టం దానిని తెలియజేసి తీరవలసిన వృత్తివ్యాధుల షెడ్యూలులో చేర్చింది. అమలు ఎంత అధ్వాన్నంగా వున్నా, పేరు చట్టంలోకి ఎక్కింది కనుక అడగడానికి కార్మికునికి ఒక ఆధారం దొరికింది. మనసులో చేరే దుమ్ముకు ఇంకా ఆ దశ రాలేదు. దానిని ఇప్పటికీ పిరికితనమంటున్నారు. పైగా చెప్పుకుంటే “ఎర్రగడ్డకు పంపాలి” అన్న ఎగతాళి సిద్ధంగా వున్నది. అందుచేత చెప్పుకోరు. కొందరు తాగుతారు, కొందరు ఇంట్లో అరుస్తారు, కొందరు రోగిని కసురుతారు. సర్కారు దవాఖానలో కసురుకునే నర్సు మన కథలలో తరచు కనిపిస్తుంది. ఆమె అట్లా ఎందుకు అయిందని అడిగిన కథ అరుదు. మాస్లాక్ చెప్పిన రెండవ లక్షణాన్ని మన కథకులు దుష్టపాత్ర స్వభావంగా చిత్రించి సరిపెట్టుకున్నారు.

మరి మార్గమేమిటి? ఇక్కడ రెండు సులభ సమాధానాలు సిద్ధంగా వుంటాయి, రెండూ చాలవు.

మొదటిది కార్యాలయాల సమాధానం. ఊపిరి బిగబట్టి వదలండి, ధ్యానం చేయండి, మంచి ఆలోచనలు పెంచుకోండి అంటూ ఒక పూట శిక్షణ. ధ్యానంవల్ల కొందరికి కొంత ఊరట కలగవచ్చు, కాదనను. కాని ఇద్దరి పని ఒకరితో చేయిస్తూ ఆ ఒక్కరికి ఊపిరి పాఠం చెప్పడం చికిత్స కాదు. ఫ్రాంట్జ్ ఫానన్ అల్జీరియాలో మనోవైద్యుడుగా పనిచేసి, 1956లో ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి విముక్తి పోరాటంలో చేరినవాడు. 1961లో వెలువడిన తన చివరి గ్రంథంలో ఒక ఫ్రెంచి పోలీసు అధికారి విషయం రాశాడు. ఖైదీలను హింసించే ఆ అధికారి ఇంట్లో భార్యాబిడ్డలనూ హింసించసాగి, భయపడి వైద్యుని దగ్గరకు వచ్చాడు. ఉద్యోగం మానడం అతని ఉద్దేశం కాదు. మనసు కలవరపడకుండా అదే పని చేసుకుపోయే ఉపాయం చెప్పమన్నాడు. నర్సును ఆ అధికారితో పోల్చడం లేదు. ఆమె పని ప్రాణం పోసేది. పోలిక చికిత్స విషయంలో. పనిలోని అన్యాయాన్ని ముట్టుకోకుండా పనివాని కలవరాన్ని మాత్రమే తొలగించబూనిన వైద్యం ఎవరికి సేవ చేస్తుందో ఫానన్ చూపించాడు.

రెండవది మనలో కొందరి సమాధానం. వేతనం పెంచితే, ఉద్యోగం స్థిరమైతే అన్నీ సర్దుకుంటాయి, మనసు సంగతి మధ్యతరగతి సంగతి అంటారు. ఇది కూడా సగం నిజమే. వేతనం, పని గంటలు, సెలవు, బదులు మనిషి - ఇవి పునాది. ఇవి లేకుండా తక్కినదంతా పూత. కాని మంచి జీతం తీసుకునే వైద్యునికి కూడా చేతిలో పోయిన పిల్లవాని ముఖం రాత్రి కనిపిస్తుంది. జీతం ఆ ముఖాన్ని తుడిచివేయదు. భౌతిక పునాదిని గుర్తించడమంటే దాని పైన వున్న మనిషిని కొట్టివేయడం కాదు.

అనుభవంలో ఫలితమిచ్చిన పద్ధతులు కొన్ని వున్నాయి. హంగరీలో పుట్టి లండనులో స్థిరపడిన మైకేల్ బాలింట్ 1950లలో మామూలు వైద్యులను చిన్న బృందాలుగా కూచోబెట్టి, తమను కలచివేసిన రోగులను గురించి ఒకరికొకరు చెప్పుకునే పద్ధతి పెట్టాడు. తీర్పు చెప్పేవారు లేరు; రికార్డుకు ఎక్కదు; సాటి వృత్తివారే శ్రోతలు. ఆశాలు నెలనెలా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సమావేశమవుతూనే వున్నారు. ఆ సమావేశంలో లక్ష్యాలూ, అంకెలూ మాత్రమే మాట్లాడుతున్నారు. ఒక గంట వారి మాట వినడానికి కేటాయిస్తే కొత్త భవనం కట్టనక్కరలేదు.

ప్రమాదం తరువాత చేయవలసినదీ, చేయకూడనిదీ వున్నాయి. గాయపడినవారిని వెంటనే కూచోబెట్టి జరిగిందంతా ఒకేసారి బలవంతంగా చెప్పిస్తే మంచిదని లోగడ నమ్మారు. అటువంటి ఒక్కపూట చర్చ తరువాతి బాధను నివారించడం లేదని పరిశోధనలను కలిపి చూచిన సమీక్షలు తేల్చాయి. కావలసింది విశ్రాంతి, తనవారి సాన్నిధ్యం, చెప్పదలచినప్పుడు వినే మనిషి. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు తగ్గకపోతే శిక్షణ పొందినవారి చికిత్స. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ 14416 నెంబరుకు ఎవరైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. ఈ సంగతి పోస్టరు మీద రాసి రోగులకు చూపించే ఆశాకు, ఆ నెంబరు తనకు కూడా అని ఎవరైనా చెప్పాలి.

వీటన్నిటికంటె ముఖ్యమైనది కాదనే హక్కు. “చివరకు మిగిలేది”లోని నర్సు రెండవ రోగిని మొదట కాదన్నది. ఆ “కాదు”ను వినే యంత్రాంగం ఆ ఆసుపత్రిలో లేదు. ఒక్క మనిషి “కాదు” అంటే మొండితనం. పదిమంది కలిసి “కాదు” అంటే కోరిక. సంఘం అవసరం ఇక్కడనే కలుగుతుంది. 2023 సమ్మె శిబిరాలను వేతన పోరాటాలుగా మాత్రమే చూడడం చాలదు. ఊరికొకరుగా ఒంటరిగా తిరిగే ఆశాలు, నా ఒక్కదానికే ఇట్లా అవుతున్నదని అనుకుంటూ వచ్చినవారు, ఒకచోట కూచుని అందరికీ ఇట్లాగే అవుతున్నదని తెలుసుకునే చోటు కూడా అదే. తన నొప్పి తన తప్పు కాదని తెలియడం స్వస్థతకు తొలిమెట్టు.

సాహిత్యం చేయవలసిన పని కూడా ఈ తొలిమెట్టు దగ్గరే వున్నది. కొత్త కథకులు సేవావృత్తుల వారిని దేవతలుగా రాయవద్దు, రాక్షసులుగానూ రాయవద్దు. పనిచేసేవారుగా రాయాలి. ఆమె ఎన్ని గంటలకు లేచింది, ఎంత దూరం నడిచింది, ఎవరి చావును ఏ రిజిస్టరులో ఏ గడిలో రాసింది, ఇంటికి వచ్చి పిల్లలతో ఎట్లా మాట్లాడింది - ఈ వివరాలు తెలిస్తే ఆమె కసురుపాటుకు కూడా అర్థం దొరుకుతుంది. బడులలో, కాలేజీలలో పనిచేసే ఉపాధ్యాయ మిత్రులు తమ విద్యార్థులను ఒక ఆశా దగ్గరకో, ఒక 108 పైలట్ దగ్గరకో పంపి, వారి ఒక రోజును రాసుకురమ్మని అడగవచ్చు. వారు చెప్పదలచినంతే, పేర్లు లేకుండా. యాలాల్ వంటి మండలంలో అటువంటి పది రోజుల రాత సమకూడితే దానిలోనుంచి కథలు తప్పక పుడతాయి.

విమర్శకుల పని వేరే వున్నది. సేవాజీవిని గురించి వచ్చిన ప్రతి రచననూ రెండు ప్రశ్నలు అడగాలి. ఈమె మనసును ఎవరు ఖర్చు పెడుతున్నారు? అది తిరిగి నిండడానికి ఎవరు ఏమి చేస్తున్నారు? ఈ ప్రశ్నలకు తావివ్వని రచన ఎంత కన్నీరు పెట్టించినా, దీపం వెలుగును పొగడి చమురు సంగతి మరిచిన రచనే అవుతుంది.